పనసపొట్టు కూర మీద పడ్డ నింద

ఎండిన కురిడీ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించాడు బుల్లబ్బాయి. లోపలి కొబ్బరి పెంకుని వదిలేసి గుండులా కదిలింది. దాన్ని రాశిలోకి విసిరి ఇంకోటి అందుకున్నాడు. ముక్తేశ్వరంలోని ఆ కొబ్బరి కొట్టులో కుడికాలు బారచాపి కూర్చోవడమే ఇప్పుడతని పని. ఒకప్పుడు చెట్లెక్కి కాయల దింపు తీసేవాడు. చెట్ల తలల మీద ఊరందరి వంతు ఎండా తనే కాచుకున్నాడు. నిరుడు చెట్టు మీంచి జారితే తొడ విరిగింది. అమలాపురంలో రాడ్డు వేశారు. రాడ్డు నిలిచింది, ఎముక అతకలేదు.

ఎముక అతకనందుకు ఊరికి ఓ దోషి కావాలి. భార్య నూకాలమ్మ దొరికింది. రాడ్డు వేసిన కొత్తల్లో అతను నోరు చచ్చిపోయిందని బతిమాలితే, జాలిపడి ఆవ పెట్టిన పనసపొట్టు కూర వండి పెట్టింది. పత్యం తప్పింది, ఎముక చెడింది. ఇదీ తీర్పు. చెప్పింది అతని అక్క అప్పలమ్మ. అప్పట్నుంచీ మొగుడికి అన్నం వడ్డించాలంటే నూకాలమ్మ చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు చూడటం అతనికి కాలినొప్పి కన్నా కష్టంగా ఉంది. రేపు మళ్ళీ ఆపరేషన్. ఈలోగా ఆ నింద దులిపెయ్యాలి.

అప్పలమ్మ కొట్టు ముందుకొచ్చింది. "ఒరేయ్, ఆటో వచ్చింది. మీ ఆవిడ దార్లో నీకేం తినిపించేస్తుందోనని చూసిపోదామని వచ్చేను."

"నువ్వూ రావాలక్కా."

"నేనెందుకురా? ముగ్గురెక్కితే ఆటో కుంటుద్ది."

"కుంటడానికి నేనున్నానుగా. ఎక్కు."

రాడ్లు వేయించుకున్నవాళ్ళ నెత్తురు ఆమధ్య విశాఖ పరిశోధకులు పట్టుకెళ్ళారు. అందులో ఏం తేలిందో అమలాపురం ఆసుపత్రిలో డాక్టర్ సుందరరావు చెప్పాడు.

"ఎండలో తిరిగినవారు, మీ ఒంట్లో డి విటమినుకి లోటు లేదండీ. కానీ అదొచ్చి తలుపు కొడితే లోపల తీసేవాళ్ళుండాలి కదా? మీ జన్యువుల్లో ఆ తలుపు తీరే కొంచెం వేరు. అందుకే అతకలేదని ఒట్టేసి చెప్పలేను. అదీ ఒక కారణం కావచ్చు."

"పుట్టుకతో వచ్చిందాండీ?"

"ఆయ్. అమ్మానాన్నల నుంచి."

"పనసపొట్టు కూర వల్ల కాదు కదండీ? ఆవ పెట్టింది."

డాక్టరు నవ్వేడు. "కూరకీ దీనికీ ఏం సంబంధమండీ?"

"కాస్త గట్టిగా చెప్పండి. మా అక్కకి చెముడు."

అప్పలమ్మకు చెముడూ లేదు, గిముడూ లేదు. డాక్టరు మాత్రం వరండా అంతా తిరిగి చూసేలా అరిచాడు: "కూర వల్ల కాదండీ!"

బయట బెంచీ మీద అప్పలమ్మ చాలాసేపు తన మోకాలు రాసుకుంది. "అమ్మానాన్నల నుంచంటే నాకూ ఉందేమోరా ఆ తలుపు."

"నీకు మూసుకునే తలుపెక్కడుందే, నోటితో సహా!"

నూకాలమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. ఆ సాయంత్రం ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టింది. చెయ్యి వణకలేదు. బుల్లబ్బాయి ముద్ద కంటే ఆ చేతినే ఎక్కువ చూశాడు.

ఆపరేషన్ బాగానే అయింది. మర్నాటి పొద్దున్న ఆమె మజ్జిగ కలుపుతుంటే అతను ఆయాసంగా ఉందన్నాడు. కాలిలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకి పోయిందట. గ్లాసు అందించేసరికి అందుకునే మనిషి లేడు.

ఇంటి దగ్గర జనం. ఎవరో అననే అన్నారు, "ఆసుపత్రిలో ఏం పెట్టిందో ఏమో."

ఏడుస్తున్న అప్పలమ్మ లేచింది. "నోర్ముయ్యండే! డాక్టరుగారు నా చెవిలో అరిచి మరీ చెప్పేరు. అది మా రక్తంలోనే ఉంది. నా మరదల్ని ఎవరన్నా ఓ మాటన్నారో, ఊరుకోను!" వచ్చి నూకాలమ్మ పక్కన, భుజం ఆనించి కూర్చుంది.

ఆసుపత్రి సంచిలోంచి ఎవరో అతని చెప్పులు తీసి గడప పక్కన పెట్టారు. ఎడమది మడమ దగ్గర చిల్లు పడేదాకా అరిగింది. కుడిదాని అడుగున కంపెనీ అచ్చు ఇంకా చెరగలేదు.