వియ్యంకుడు తెచ్చిన ఫోను వైరు

మా నాన్న ఎసెన్‌గుల్ ఒక కంప్యూటరు మీద కక్ష పెట్టుకున్నాడు. సోవియట్ రోజుల చివర్లో ఆయన పనిచేసే గణన కేంద్రానికి అది విదేశం నుంచి వచ్చింది. అందులో చదరంగం ఆడే ప్రోగ్రామ్ ఉండేది. ఆఫీసు ఆఫీసంతా చూస్తుండగా అది నాన్నను చిత్తుగా ఓడించింది. తర్వాత కేంద్రం మూతపడి సామాను పారేస్తుంటే, తక్కినవాళ్ళు బల్లలూ కుర్చీలూ పట్టుకుపోయారు. నాన్న మాత్రం ఆ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ట్రాలీబస్సెక్కి ఇంటికి వచ్చాడు.

"దీని సంగతి తేల్చందే వదలను," అన్నాడట అమ్మతో.

తేల్చనివ్వనిది అమ్మే. కీబోర్డును కంప్యూటరుకు కలిపే వైరు ఉంగరాలు ఉంగరాలుగా ఉండేది. ఎందుకూ పనికిరాని తాడనుకుని ఆవిడ దాన్ని తోటలో టమాటా మొక్కలకు కట్టేసింది. ఒక్క చలికాలంలో అది పెళుసెక్కి ముక్కలైపోయింది. అప్పటినుంచీ కంప్యూటరు అల్మారా మీద దుప్పటి కప్పుకుని పడి ఉంది.

రిటైరయ్యాక, పోయిన శరత్కాలంలో నాన్న దాన్ని కిందకు దించాడు. లోపల దుమ్ము దులిపాడు, పాడైన భాగాలు మార్చాడు. తెర వెలిగింది. చదరంగం బల్ల కూడా వచ్చింది. కానీ ఎత్తు వేయాలంటే కీబోర్డు కావాలి, కీబోర్డుకు వైరు కావాలి.

సరిగ్గా అప్పుడే మా అత్తమామలు నన్ను వెంటబెట్టుకుని మా పుట్టింటికి ఆదివారం టీకి వచ్చారు. మా మామగారు దోరోన్‌బెక్ బిష్కెక్ టెలిఫోను ఎక్స్ఛేంజిలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కీబోర్డు వెనక ఉన్న చిన్న చదరపు సాకెట్ చూడగానే ఆయన కల్పాక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని ఫక్కున నవ్వారు.

"ఇంతోటి దానికా కుదా, మీరు దిగులు పడేది? ఇది ఫోను రిసీవరు వైరు! మా ఇంట్లో సంచీడు ఉన్నాయి. వచ్చే ఆదివారం తెస్తాను."

వియ్యంకులు ఒకరినొకరు 'కుదా' అని పిలుచుకుంటున్నంత సేపూ మా ఇళ్ళలో ఎవరూ గట్టిగా తుమ్మను కూడా తుమ్మరు. అంత మర్యాద. నాన్న ముఖం పాలిపోయింది. అయినా చేతులు గుండెల మీద పెట్టుకుని, "మీ దయ కుదా," అన్నాడు.

వాళ్ళు వెళ్ళగానే నన్ను వంటింట్లోకి లాగాడు.

"ఉల్జాన్, కొంప మునిగిందే. చూడ్డానికి రెండూ ఒకటేలా ఉంటాయి. ఫోను వైరులో తీగలు ఈ చివర నుంచి ఆ చివరకి తారుమారవుతాయి. మాట్లాడుకోడానికి పర్లేదు. దీనికి పెడితే మాత్రం కరెంటు పోవాల్సిన చోటికి ఎర్తు, ఎర్తు పోవాల్సిన చోటికి కరెంటు పోతాయి. కీబోర్డు బుగ్గయిపోతుంది."

"ఆ మాటే చెప్పొచ్చుగా నాన్నా."

"ఎవరికి? జన్మంతా ఫోన్లతో బతికినాయనకి, ఫోను వైరు గురించి నేను చెప్పనా? పిల్లనిచ్చిన వాణ్ణే తల్లీ! నువ్వు చెప్పు."

"కోడల్ని. నేను చెబితే ఇంకేమన్నా ఉందా?"

అమ్మ పిండి కలుపుతూ, "దిక్కుమాలిన మర్యాదలు," అని గొణిగింది.

మరుసటి ఆదివారం మామగారు నల్ల వైరు తెచ్చారు. నాన్న దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేసి, "భలే ఉంది కుదా, కాస్త పొట్టి," అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం పొడుగు వైరు వచ్చింది. "అబ్బ, ఎంత పొడుగు! కాకపోతే ఇవాళ మా బిల్డింగులో కరెంటు నిలకడగా లేదు," అన్నాడు. లైటు దివ్యంగా వెలుగుతోంది. మామగారు తలెత్తి దాన్నొకసారి చూశారు. మూడోసారి కీబోర్డు రంగుకు సరిపోయే గోధుమరంగు వైరు తెచ్చి, తనే సాకెట్‌లో పెట్టబోయారు.

"టీ! ముందు టీ తాగండి!" అని నాన్న ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఇప్పటికే ఐదు గిన్నెలు తాగించారు కుదా. ఇంక నా వల్ల కాదు."

"అయితే ఈ బోర్సోకులు..." అని నాన్న వేయించిన పిండి ముక్కల పళ్ళెం ముందుకు తోశాడు.

అమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మాలో వియ్యపురాలు వియ్యంకుణ్ణి ఎంత ఏడిపించినా తప్పు లేదు. ఆ చనువుతోనే అనేసింది.

"కుదా, మీ వైరు తలకిందులుగా పుట్టిందట. మా ఆయన చెప్పలేక మీ చేత చెరువుడు టీ తాగిస్తున్నాడు. దాన్ని పెట్టారంటే మా కీబోర్డు పాడె ఎక్కుతుంది!"

మా అత్తగారు పకపకా నవ్వింది. తనొక్కతే. మామగారు వైరును మెల్లగా చుట్టి జేబులో పెట్టుకున్నారు. టోపీ తలకు పెట్టుకున్నారు. విందుకని వండుతున్న మాంసం వంటకం, బెష్‌బర్మాక్, ఇంకా పొయ్యి మీదే ఉంది. దాన్ని రుచి చూడకుండా, గడపలో నేనందించిన రొట్టె ముక్క కూడా తుంపకుండా వెళ్ళిపోయారు. మాలో రొట్టె ముట్టకుండా వెళ్ళడమంటే మాటలు కాదు, చుట్టరికం వద్దన్నట్టే. నాన్న సోఫాలో కూలబడి, "ఒక కీబోర్డు కోసం పిల్ల కాపురం మీదకి తెచ్చానే," అని తల పట్టుకున్నాడు. ఆ సాయంత్రం నేను అత్తగారింటికి వెళితే మామగారు గదిలోంచి బయటకు రాలేదు. లోపలి నుంచి కత్తెర చప్పుడు వినిపించింది.

పొద్దున్నే, "పద కోడలా, మీ నాన్న దగ్గరికి," అన్నారు. చంకలో పాత తోలు సంచి ఉంది. నాన్న తలుపు తీసీ తీయగానే ఉరిమారు.

"ఫోను వైరును ఉన్నపళాన గుచ్చేస్తానని మీకెవరు చెప్పారు కుదా? కోయడానికి తెచ్చాను. కోసి, తిప్పి పెట్టడానికి! అడ్డపడి టీలు పోశారు."

అది అబద్ధమని నాకు తెలుసు, నాన్నకు తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు. ఆవిడ నోరు తెరవబోతుంటే ఆవిడ కాలు తొక్కాను.

"నాకు ఆ ఊహే తట్టలేదు కుదా," అన్నాడు నాన్న. ఆ గొంతులో ఊరట దాగలేదు.

మామగారు సంచిలోంచి ప్లగ్గులు నొక్కి బిగించే పటకారు తీశారు. గోధుమరంగు వైరు రెండు చివరలనూ పక్కపక్కన, ఒకే వైపుకు తిప్పి పట్టుకున్నారు. ఒకదాంట్లో తీగలు నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. రెండోదాంట్లో పసుపుతో మొదలై నలుపుతో ముగిశాయి. ఆయన ఒక ప్లగ్గు కత్తిరించారు, వైరును బోర్లా తిప్పారు, కొత్త ప్లగ్గులో దూర్చి కటుక్కున నొక్కారు. ఇప్పుడు రెండు చివరలా ఒకే వరస. నాన్న మీటరు పెట్టి ఒక్కో తీగనూ చూశాడు. చూస్తున్నంతసేపూ "క్షమించాలి కుదా, మిమ్మల్ని నమ్మక కాదు," అంటూనే ఉన్నాడు.

"చూడండి, చూడండి. నేనైతే రెండుసార్లు చూసుకుంటాను."

వైరు పెట్టారు. నాన్న మీటలు నొక్కాడు. తెర మీద బంటు రెండు గళ్ళు ముందుకు కదిలింది. ఇద్దరూ కావలించుకున్నారు. మామగారి టోపీ టీ గిన్నెలో పడింది.

ఆ తర్వాత అసలు పోరు మొదలైంది. నాన్న ఎత్తు వేయబోతే మామగారు ఆపారు.

"గుర్రం వద్దు! నీకు మతిపోయిందా ఎసెన్‌గుల్? ఏనుగుని కదుపు!"

"నువ్వు నోర్ముయ్ దోరోన్! ఇన్నేళ్ళు ఎదురుచూసింది నువ్వా, నేనా?"

గుర్రమే కదిలింది. కాసేపట్లో నాన్న రాజు ఇరుక్కుని ఓడిపోయాడు. మామగారు తెరను నానా తిట్లూ తిట్టి, ఈసారి తను ఆడతానని కుర్చీ లాక్కున్నారు. అంతకన్నా త్వరగా ఓడిపోయారు.

అమ్మ నిన్నటి బెష్‌బర్మాక్ వెచ్చబెట్టి పిలిచింది. ఎవరూ పలకలేదు. చివరికి పళ్ళెం తీసుకెళ్ళి ఇద్దరి మధ్యా పెట్టాను. ఏ ఎత్తు దగ్గర దెబ్బ తిన్నామో తగువులాడుకుంటూ, తెర మీంచి చూపు తిప్పకుండా, ఒకే పళ్ళెంలోంచి తిన్నారు.