డాక్టర్ విల్మ పేషెంట్లు

రేనో హాపలా చేసిన పొరపాటు చిన్నదే. కాకపోతే దాన్ని రెండు నెలల పాటు, రోజుకు రెండు పూటలా, ఎంతో శ్రద్ధగా చేశాడు.

జనవరిలో మనవరాలు విల్మను మొదటిసారి పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు ఆ పిల్ల నోరు తెరవలేదు. అంటే, ఒక్కసారి తెరిచింది, డాక్టరు వేలు కొరకడానికి. పిల్లకు రెండేళ్ళ పది నెలలు. పై వరసలో ముందుపన్ను మీద గోధుమరంగు మచ్చ ఒకటి కనిపించింది. అది పైపైనే ఉందా, లోపలికి దిగిందా అన్నది నోరు తెరిస్తే గదా తెలిసేది! "రెండు నెలలు చూద్దాం. అప్పటికీ తెరవకపోతే సిటీలో పెద్దాసుపత్రికి రాయాల్సిందే. అక్కడ మత్తిచ్చి చూస్తారు" అంది డాక్టర్ ఓడెట్, వేలికి పట్టీ చుట్టుకుంటూ.

సిటీ అంటే మంచు దారిలో మూడు గంటలు. ఇంత పిల్లకు మత్తు అనగానే విల్మ తల్లి కారీనాకు ఆ రోజు ముద్ద దిగలేదు. రేనోకైతే అసలే దిగలేదు. ఆ మచ్చ ఎవరి పుణ్యమో అతనికి తెలుసు. కూతురు గనిలో రాత్రి షిఫ్టుకు వెళ్ళినప్పుడల్లా పాలసీసాలో యాపిల్ జ్యూసు పోసి పిల్లను నిద్రపుచ్చింది అతనే. "పాలే పోశానమ్మా" అని కూతురితో అన్నదీ అతనే.

ఓడెట్ ఆ రోజే ఒక ఉపాయం చెప్పింది. ఇంట్లో పళ్ళాట ఆడండి, అద్దం బదులు చెంచా, దీపం బదులు టార్చిలైటు పెట్టుకోండి, నోరు తెరవడం అలవాటైతే ఇక్కడికొచ్చాక బెదరదు అంది. రేనో ఆడాడు. పాపం, మనసుపెట్టే ఆడాడు. కానీ మొదటి రోజు చెంచా పట్టుకుని దగ్గరికి వెళ్ళగానే పిల్ల దాన్ని లాక్కుని "నేను డాక్టర్ని, నువ్వు పడుకో" అంది. పోనీలే, ఒక్క రోజుకే కదా అని సోఫా మీద పడుకున్నాడు. ఇక చూస్కోండి, రెండు నెలలూ పడుకుంటూనే ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపి, పైఅధికారి మాట కూడా లెక్కచెయ్యని మనిషి, ఆ బుల్లి డాక్టరు "ఆ అను" అంటే కిక్కురుమనకుండా "ఆ" అన్నాడు. "ప్రాక్టీసు ఎలా ఉంది నాన్నా?" అని కారీనా అడిగినప్పుడల్లా "బ్రహ్మాండంగా సాగుతోంది" అన్నాడు. ఎవరికి సాగుతోందో ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు.

మార్చిలో ఆ మంగళవారం రానే వచ్చింది. తాతా మనవరాలూ క్లినిక్ గుమ్మంలో మంచు బూట్లు విప్పేసి మేజోళ్ళతో లోపలికి నడిచారు. విల్మ ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో టార్చిలైటు.

"ఎవరొచ్చారో చూడండి! పద బంగారం, డాక్టరమ్మ నీకోసమే చూస్తోంది" అంది ముందు బల్ల దగ్గర కూర్చునే బర్నీస్.

"నేనే డాక్టర్ని" అంది విల్మ.

బర్నీస్ పకపకా నవ్వింది. రేనోకు మాత్రం నవ్వు రాలేదు.

చంటిపిల్లల్ని ఓడెట్ పెద్ద కుర్చీలో కూర్చోబెట్టదు. రెండు స్టూళ్ళు వేసి, పిల్లతో వచ్చిన పెద్దవాళ్ళూ తనూ మోకాళ్ళు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. పిల్ల కాళ్ళు వాళ్ళ ఒళ్ళో, తల తన ఒళ్ళో. తనవాళ్ళ మొహం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి పిల్ల ఏడవదు. విల్మ ఈ ఏర్పాటంతా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. బాగానే ఉందన్నట్టు తలూపింది. తర్వాత చెంచాతో ఓడెట్‌ని చూపించి "నువ్వు పడుకో" అంది.

"నేనా?"

"ఊఁ. తల ఇక్కడ."

ఓడెట్ రేనో వైపు తిరిగింది. రేనో పైకప్పు మీద రంగులేసిన చేపల్ని చూస్తున్నాడు.

"రేనో గారూ, ఇంట్లో పళ్ళాట ఆడారా?"

"ఆడాం."

"డాక్టరు ఎవరు?"

రేనో చూపుడువేలు విల్మ వైపు తిరిగింది.

"ఎప్పుడూ తనేనా? ఒక్కసారి కూడా మారలేదా?"

"ఒక రోజు ఎలుగుబంటి బొమ్మకు అవకాశం ఇచ్చింది. నాకివ్వలేదు."

ఇంకొకరైతే అక్కడే కడిగిపారేసేవారు. ఓడెట్ మాత్రం చటుక్కున నేలమీద పడుకుని నోరు తెరిచింది. విల్మ టార్చి వేసి వంగి చూసింది.

"ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పది. బాగున్నాయి. రాత్రి యాపిల్ జ్యూసు తాగు. తాత ఇస్తాడు. అమ్మకి చెప్పకు, ఏం?"

పడుకున్నచోటి నుంచే ఓడెట్ కళ్ళు తిప్పి రేనోని చూసింది. రేనో చెవులు ఎర్రగా కాలిపోయాయి. చేపలు కూడా అతన్నే చూస్తున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత బర్నీస్‌కు పిలుపొచ్చింది. ఆవిడా పడుకుంది, ఆవిడ పళ్ళూ పదే తేలాయి. ఇలా ఇరవై నిమిషాలు గడిచిపోయాయి. పోస్టాఫీసు లెంపీ అప్పుడే వచ్చి బయట కూర్చుంది, తర్వాత వంతు ఆవిడదే.

ఓడెట్ లేచి గొంతు తగ్గించింది. "బలవంతం నేను చెయ్యను రేనో గారూ. గడ్డం పట్టుకుని తెరిస్తే ఇవాళ పన్ను కనిపిస్తుంది, రేపట్నుంచి ఈ పిల్ల ఇటు మొహం పెట్టదు. పది నిమిషాలు చూస్తా. కాదంటే ఆసుపత్రికి కాగితం రాసేస్తా."

ఆ బుల్లి చేతికి సూది గుచ్చి ఉన్నట్టు, గది బయట కారీనా ఒక్కతే కూర్చుని ఉన్నట్టు రేనో కళ్ళముందు ఆడింది. ఛీ, ఎంత పని చేశాన్రా దేవుడా అనుకున్నాడు. నేలమీద చతికిలబడ్డాడు.

"తాతా, ఇప్పుడు నువ్వు. ఆ అను" అంటూ విల్మ చెంచాతో వచ్చేసింది.

అలవాటు కొద్దీ రేనో నోరు తెరవబోయాడు. తెరవబోయి, ఆగాడు. పెదాలు కాస్త విడదీసి "ఇలాగా?" అన్నాడు.

"పెద్దగా!"

ఈసారి బుగ్గలు పూరించాడు. "ఇలాగా?"

"కాదు!"

పెదాలు సున్నాలా చుట్టాడు. "ఇలాగేనా?"

"అబ్బా, కాదు తాతా! రోజూ చేస్తావుగా!"

"మర్చిపోయానే తల్లీ. ముసలాణ్ణి కదా, ఏదీ గుర్తుండి చావదు. ఎలా తెరవాలో నువ్వే చూపించు."

విల్మ పెద్దగా నిట్టూర్చింది. ఇలాంటి పేషెంటుతో ఎలా వేగడం అన్నట్టు తల కొట్టుకుంది. ఆపైన తల వెనక్కి వాల్చి, కొండనాలుక దాకా కనిపించేలా "ఇలా! ఆఆఆ!" అంది.

అప్పటికే ఓడెట్ చప్పుడు చెయ్యకుండా జరుగుతూ వచ్చి పిల్ల వెనకాల కూర్చుంది. వాలిన తల సరిగ్గా ఆవిడ ఒళ్ళోకే వచ్చింది.

"డాక్టర్ గారూ, ఆయనకింకా బుర్రకెక్కలేదు. మరికాస్త చూపించండి. నేను దీపం పడతాను" అంది ఓడెట్ ఎంతో వినయంగా.

"ఆఁ" అని విల్మ అనుమతి ఇచ్చింది. పాఠం మధ్యలో నోరు మూస్తే తాతకు రాదని దాని పట్టుదల. చిన్న అద్దం లోపలికి వెళ్ళింది. "ఒకటి, రెండు, మూడు" అని ఓడెట్ ఇరవై దాకా లెక్కపెట్టింది. మచ్చను తుడిచి చూసింది, గీకి చూసింది. "ఇప్పుడు పన్నుకు రంగేస్తాం డాక్టర్, చల్లగా ఉంటుంది" అని చెప్పి, చిన్న కుంచెతో ముందు విల్మ గోటి మీద రాసి చూపించి, ఆ తర్వాతే పన్ను మీద రాసింది. రేనో మాత్రం ఎదురుగా కూర్చుని, ఏమీ అర్థంకాని మొహం పెట్టి చూస్తూనే ఉన్నాడు.

"పైపైనే ఉంది" అంది ఓడెట్ చివరికి. "లోపలికి దిగలేదు. మందు పూశాను, ఆసుపత్రి అక్కర్లేదు. రాత్రిపూట సీసాలో నీళ్ళే పొయ్యాలి. జ్యూసు ఎవరు పోశారని నేనడగను."

"నేనే" అన్నాడు రేనో. కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి, తుడుచుకోను కూడా లేదు. "కారీనాకి సాయంత్రం నేనే చెప్తాను."

కళ్ళొత్తుకుని లేచి, గబగబా పిల్ల కోటు అందుకున్నాడు. విల్మ కదల్లేదు.

"తాతని చూడలేదు."

"ఇంటికెళ్ళి చూద్దువుగానిలే."

"తాతకి ఇక్కడ నొప్పి." విల్మ అతని ఎడమ బుగ్గ మీద చెంచాతో పొడిచింది. అతను కెవ్వుమన్నాడు. "చూడు! రోజూ ఇంతే. సూపు కూడా అటు పక్కే తాగుతాడు."

"ఈయన ఆఖరిసారి ఎప్పుడొచ్చాడు బర్నీస్?" అంది ఓడెట్.

"కంప్యూటర్లో లేడమ్మా. అట్టపెట్టెల్లో వెతకాలి."

"మరోసారి వస్తాను" అన్నాడు రేనో. "ఇప్పుడు లెంపీ వంతు కదా, పాపం ఎంతసేపట్నుంచో కూర్చుంది."

"నాకేం తొందర లేదు!" అంది లెంపీ గుమ్మంలోంచి. తన కుర్చీని అప్పటికే అక్కడి దాకా లాక్కొచ్చుకుంది.

ఇక తప్పలేదు. రేనో పెద్ద కుర్చీలో వెనక్కి వాలాడు. మేజోళ్ళలో కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. ముప్పై నాలుగేళ్ళలో తుపాను కూడా అతన్ని ఇంతగా వణికించలేదు. "నాకు భయం" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

విల్మకు వినపడింది. స్టూలెక్కి అతని చేతి బొటనవేలు పట్టుకుంది. "భయం లేదు తాతా. ఊరికే లెక్కపెడతారు" అంది. మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఓడెట్ చేతి వైపు ఒకసారి చూసి, తాత చెవి దగ్గరికి వంగి, చాలా గట్టిగా హెచ్చరించింది.

"వేలు కొరకొద్దు, ఏం?"