శనివారం ఉప్మా

నా గొంతు సంగతి ఉప్పల్ డిపోలో అందరికీ తెలుసు. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లను లోపలికి రప్పించడానికి నాకు విజిల్ అక్కర్లేదు. పదకొండేళ్లుగా కండక్టర్ని. ఉప్పల్ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్, మళ్లీ వెనక్కి. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైనప్పటి నుంచి మా బస్సులో చీమ దూరే సందు ఉండదు. ఉచితమే అయినా జీరో టికెట్ కొట్టాల్సిందే. ఆధార్ చూపించమంటే ఫోన్లో పెళ్లి ఫొటోలు చూపించేవాళ్లుంటారు, వాళ్లతో గొడవ. ఆ గొడవంతా గొంతు చూసుకుంటుంది గానీ, మిషన్ మీద నొక్కే పని మాత్రం నా బొటనవేలిదే.

పోయినేడు ఆ వేలు మొరాయించింది. ముందు అదొక్కటే అనుకున్నాను. తర్వాత తక్కినవీ కలిశాయి. పొద్దున లేస్తే పది వేళ్లూ వాచిపోయి, గంటసేపు మడత పడేవి కావు. హబ్సిగూడలో పద్మశ్రీ అనే డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, ఇది కీళ్ల జబ్బే కానీ వయసుతో వచ్చేది కాదని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడిందట. నాకు వెంటనే అర్థమైంది. చెకింగ్ స్క్వాడ్ టికెట్ లేనివాణ్ణి వదిలేసి కండక్టర్నే పట్టుకుని దించినట్టు, అంతే కదా.

మందులు రాసింది. నాలుగు నెలలు వాడినా సగమే తగ్గింది. ఈలోగా మా డిపో మేనేజర్ పిలిచి, మర్యాదగానే, ఆరు వారాల్లో ఫిట్‌నెస్ కాగితం తెమ్మన్నాడు. తేకపోతే ఆఫీసులో కూర్చుని రాతపని చేసుకోవాలి. జీతం అదే, ఫ్యాను కింద కుర్చీ. అందరూ అదృష్టమన్నారు. నాకు మాత్రం ఆ కుర్చీ వద్దనిపించింది. బస్సెక్కితే నేను కల్పనని. ఆ కుర్చీలో కూర్చుంటే చేతులు పోయిన కండక్టరమ్మనే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, మా ఆయన నాగేందర్‌కి కూడా.

డాక్టరమ్మకు మాత్రం చెప్పాను. ఆమె, "గోధుమ, పాలు మానేసి చూడండి. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. నేను మాటివ్వలేను. మందులు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దు. రోజూ పొద్దున చేతులెట్లా ఉన్నాయో రాసుకోండి," అంది.

ఇంటికొచ్చి మా అత్తమ్మ లింగమ్మకు చెప్తే, బుగ్గన వేలు పెట్టుకుంది.

"చపాతి బంద్, పాలు బంద్, పెరుగు బంద్. ఇగ ఏం దింటవ్ బిడ్డా, గాలి దింటవా?"

"అన్నం దింట అత్తమ్మా. పప్పు దింట, కూర దింట."

"షుగర్ వచ్చినోళ్లకు, బీపీ వచ్చినోళ్లకు, అందరికి అన్నం బంజేసి చపాతి దినుమంటరు. గీమెవరో ఉల్టా జెప్తున్నది."

గోధుమ మానడం పెద్ద కష్టం కాలేదు. పాలు మానడమే ప్రాణం తీసింది. కండక్టర్ల ఒంట్లో రక్తం కంటే చాయ్ ఎక్కువుంటుంది. ఉప్పల్ బస్టాండు ముందు చాయ్ బండి దగ్గర నా ఒక్కదానికే నల్లటి డికాక్షన్ పోసేవాళ్లు. అందులో నిమ్మకాయ పిండుకుంటూ, చుట్టూ మీగడ చాయ్ తాగేవాళ్లను శత్రువుల్ని చూసినట్టు చూసేదాన్ని. పెరుగన్నం లేక భోజనం ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు, చారన్నం మూడుసార్లు కలుపుకునేదాన్ని. మా డ్రైవర్ తిరుపతి నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న, వాడికి వేళాకోళం.

"అక్కా, పాలు బంజేసిన సంది నీ నోరు ఇంకింత కారమైంది. ప్యాసింజర్లు అడగకముందే ఆధార్ దీస్తున్నరు."

"నువ్వు ముందుకు జూసి నడుపు."

వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ రాసేదాన్ని. బాగుంటే టిక్కు, వాపుంటే ఇంటూ. మొదటి వారం అన్నీ ఇంటూలే. రెండో వారం మధ్యలో టిక్కులు మొదలయ్యాయి. గురువారం టిక్కు, శుక్రవారం టిక్కు, శనివారం టిక్కు. సంతోషంతో శనివారం ఆంజనేయస్వామికి ఇంకొక ప్రదక్షిణ ఎక్కువ చేశాను. ఆదివారం లేచేసరికి వేళ్లు మళ్లీ బూరెలు. సోమవారం కూడా. మూడో వారమూ అంతే, నాలుగో వారమూ అంతే. వారమంతా మెల్లగా మెరుగవుతుంది, శనివారానికి ఆశ పుడుతుంది, ఆదివారం పొద్దున దువ్వెన చేతిలో నిలవదు.

ఆదివారం నాకు సెలవు. నాగేందర్ క్యాలెండర్ చూసి, "నీ నొప్పి మస్తు హుషారున్నది. బట్టలుతికే దినం జూసుకొని వస్తున్నది," అన్నాడు. ఆ రోజు బట్టలన్నీ ఆయనే ఉతికాడు.

నవ్వులాటకు నవ్వాను గానీ లోపల భయం పట్టుకుంది. రెండు వారాలే మిగిలాయి. శనివారం నేను ఒక్కపొద్దుంటాను. పెళ్లయిన కొత్తలో అత్తమ్మ అలవాటు చేసింది. మధ్యాహ్నం ఒక్కపూట అన్నం, సాయంత్రం ఫలహారం. ఈ జబ్బు వచ్చాక ఇంకా నిష్ఠగా ఉంటున్నాను. చేతులు బాగుచెయ్యి తండ్రీ అని నేను దేవుడి కోసం పస్తుంటే, ఆయన మర్నాడే వాపు పంపిస్తున్నాడు. ఇదేం న్యాయమని ఆయనతో కూడా గొడవ పెట్టుకున్నాను.

నాలుగో వారం దాటి మళ్లీ శనివారం వచ్చింది. మధ్యాహ్నం మూడింటి ట్రిప్పు. నాచారంలో ఒక పెద్దాయన ఎక్కాడు. పేరు రామస్వామి, పారిశ్రామికవాడలో పని, రోజూ మా బస్సే. తల, కనుబొమ్మలు, చొక్కా కాలర్ అంతా తెల్లటి దుమ్ము. నా పక్క సీటులో కూర్చోబోతుంటే నా ఖాకీ చొక్కా మీద రాలింది.

"జర దూరం కూసో కాకా. ఏందా పిండి, బియ్యప్పిండా?"

"బియ్యప్పిండి గాదు బిడ్డా, రవ్వ దుమ్ము. ఉప్మా రవ్వ మిల్లుల జేస్త గద."

ఊరికే, మాట కలపడానికే అడిగాను. "రవ్వ దేంతోని జేస్తరు?"

"గోధుమలతోని. ఇంక దేంతోని జేస్తరు?"

టికెట్ మిషన్ నా చేతిలోనే ఉంది. బస్సు స్టాపులో ఆగే ఉంది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. నేను రైట్ చెప్పలేదు.

"అక్కా, నిద్రవోయినవా?" అని తిరుపతి అరిచాడు.

"సేమియా?" అని అడిగాను రామస్వామిని.

"గదీ గోధుమే."

"ఇడ్లీ రవ్వ?"

"గది బియ్యం. ఎందుకు బిడ్డా, మిల్లు పెడుతున్నవా?"

ఫోన్లో చూసుకోవచ్చు కదా అని మీరనొచ్చు. చూశాను. గోధుమ లేని వంటలని కొడితే బాదం పిండితో కేకు చెయ్యడం చూపించింది. రవ్వ దేంతో చేస్తారని అడగాలని తోస్తే కదా అడగడానికి. చపాతీ గోధుమ, పూరీ గోధుమ. ఉప్మా అంటే ఉప్మా. పైగా ఒక్కపొద్దునాడు తినేది మా ఇంట్లో తిండి లెక్కలోకే రాదు.

ఇల్లు చేరేసరికి వాకిట్లోకే కమ్మటి వాసన. అత్తమ్మ బాణలిలో రవ్వ వేయిస్తోంది. నాకు నెయ్యి కూడదని నూనెతోనే, దోరగా, మాడకుండా తిప్పుతూ. పదహారేళ్లుగా ప్రతి శనివారం ఇంతే. నా నోటికి భయపడే ఇన్‌స్పెక్టర్లున్నారు, కానీ ఆ గరిటె ముందు నేను చేతులు కడుక్కుని, నీళ్లు తాగి, మళ్లీ చేతులు కడుక్కున్నాను. చివరికి చెప్పాను.

ఆమె గరిటె ఆపింది.

"రవ్వల గోధుమ ఎక్కడిది?"

"రవ్వే గోధుమ అత్తమ్మా. మిల్లుల జేసేటాయనే జెప్పిండు."

"ఈ నాచారంల మా భూములుండంగ వరి ఏసినం, కూరగాయలు ఏసినం. గోధుమ చేను ఎట్లుంటదో నా కండ్లతోని సూడలే. నాకేం ఎరుక?" పొయ్యి ఆర్పింది. మెల్లగా అడిగింది. "అంటే నీ చేతులు ఉబ్బిచ్చింది నేనేనా?"

"గట్లంటవేంది. డాక్టరమ్మకే ఖాయంగ తెల్వదు. నాకు తెల్వక తిన్న, నీకు తెల్వక పెట్టినవ్."

ఆమె కొంగు కళ్లకద్దుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఆమె మీద కాదు, ఆ బాణలి మీద కాదు, నా తెలివి మీద. ఇంటూలన్నీ ఆదివారం గడిలోనే కూర్చుంటే నెల రోజులు దేవుణ్ణి తిట్టాను.

"ఇగ నీ ఒక్కపొద్దు బంద్," అంది అత్తమ్మ లేచి. "నువ్వు రెండు పూటల అన్నం దిని డ్యూటీకి పో. నీ బదులు నేనుంట. దేవునికి నేను జెప్పుకుంట."

"ఈ వయసుల నీకెందుకు అత్తమ్మా?"

"నాకేం డ్యూటీ ఉన్నదా, మిషన్ ఉన్నదా?"

ఆ సాయంత్రం నేను అన్నం తిన్నాను. మర్నాడు మెలకువ రాగానే కళ్లు తెరవకుండా, దుప్పటి కిందే వేళ్లు మడిచాను. బిగుతుగా ఉన్నా మడత పడ్డాయి. సోమవారం ఇంకాస్త తేలిగ్గా మడత పడ్డాయి. ఆ వారమంతా టిక్కులే. తర్వాతి శనివారం అత్తమ్మ నిజంగానే పస్తు ఉంది. ఉప్మా ఆమె తినొచ్చు, ఆమెకేం కాదు. అయినా రవ్వ డబ్బా ఎదురింటికి ఇచ్చేసి, సాయంత్రం రెండు అరటిపండ్లతో సరిపెట్టుకుంది.

ఆరు వారాల గడువు నిండే శుక్రవారం డాక్టరమ్మ తన రెండు వేళ్లు నా గుప్పిట్లో పెట్టి నొక్కమంది. నొక్కాను.

"చాలమ్మా, నా వేళ్లు నాక్కావాలి," అంది నవ్వుతూ. తర్వాత క్యాలెండర్ చూసింది. "తిండి వల్లో, మందు ఇప్పటికి పట్టడం వల్లో, రెండూనో నేను చెప్పలేను. రెండూ కొనసాగించండి. మూడు నెలలకు మళ్లీ చూద్దాం." బస్సు డ్యూటీ చేయొచ్చని కాగితం రాసిచ్చింది. నేను మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. వాచ్‌మన్ వచ్చి రిపోర్టు బాగాలేదా అమ్మా అని అడిగాడు.

మర్నాడు శనివారం, డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి సాయంత్రం ఆరు. అత్తమ్మ చాప మీద గోడకు తిరిగి పడుకుంది. వంటింటి గట్టు మీద అరటితొక్కలు రెండు. డబ్బాలో జొన్నపిండి కనబడింది. నీళ్లు మరగబెట్టి, పిండిలో పోసి, వేడివేడిగా పిసికాను. ముద్ద చేసి పీట మీద తట్టడం మొదలుపెట్టాను. ఏడాది దాటింది తట్టి. మొదటిది మధ్యలో చినిగింది. రెండోది నిలిచింది, ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా.

ఆ చప్పుడుకు అత్తమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వేళ్లు నొస్తయ్, ఇడువు."

"నొస్తలేవు."

పెనం మీది నుంచి తీసి పళ్లెంలో పెట్టిచ్చాను. ఆమె పళ్లెం పక్కన పెట్టి, ముందు నా కుడిచెయ్యి అందుకుంది. పిండి అంటిన వేళ్లను చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే మడిచింది, మళ్లీ ఒక్కొక్కటే తెరిచింది. అప్పుడు రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది.

"మందమైంది," అంది. "ఇంకోటి సన్నగ జెయ్యి."

నేను ఇంకో ముద్ద తీసుకున్నాను.