మా పాటకి ఒక్క కునుకు

మా నగరంలో బ్యాండులకు కొదవ లేదు. కొదవల్లా వినేవాళ్ళకే. ఏ సాయంత్రం ఎవరు వాయించినా కింద నిలబడి వినేది మిగతా బ్యాండుల వాళ్ళే. వీళ్ళు దిగగానే వాళ్ళు ఎక్కుతారు, దిగినవాళ్ళు వెళ్ళి వాళ్ళ స్థానంలో నిలబడతారు. బయటి మనిషి ఒక్కడు కూడా వచ్చిన పాపాన పోలేదు.

మాలో ఒక పద్ధతి ఉంది. చప్పట్లు కొట్టడం నామర్దా. ఈలలు, కేకలు అసలే కుదరవు. పాట నచ్చితే చేతులు కట్టుకుని తల కొద్దిగా ఊపాలి. మరీ నచ్చితే కళ్ళు మూసుకుని ఊపాలి. నచ్చకపోతే కళ్ళు తెరిచి వేదిక మీద మనిషిని సూటిగా చూడాలి. అంతకు మించిన అవమానం మాలో లేదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు మాత్రం నాకు కనిపించకుండా ఉంటే వాడికే మంచిది.

మేం వాయించే చోటు ఒక ఫర్నిచరు కొట్టు కింద గోదాము. అమ్ముడుపోని సోఫాలు ప్లాస్టిక్ కవర్లతో గోడవార పడి ఉంటాయి. మధ్యలో ఒక స్తంభం. దాని వెనక నిలబడ్డవాడికి డ్రమ్ములు తప్ప ఏమీ కనిపించవు. పైన కొట్టు కట్టేసే వేళకు మేమూ కట్టేయాలి కాబట్టి అంతా సాయంత్రమే అయిపోతుంది.

పగలు నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. సాయంత్రం గిటారు పట్టుకుని పాడతాను. మా ఆయన డ్రమ్ములు, మా మరిది బేసు. బ్యాండు పేరు తడి గొడుగు. పాటలు రాసేది నేనే. వాటిలో ఏముందని ఇన్నేళ్ళలో నన్ను ఒక్కరూ అడగలేదు. ఆంప్లిఫయరు ఎక్కడ కొన్నావని మాత్రం అందరూ అడిగారు.

ఇక మా అత్తయ్య. మామయ్య ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ ప్రెస్సు మీది గదుల్లోనే వాళ్ళ కాపురం. కింద మిషను పగలూ రాత్రీ దడదడలాడుతుంటే పైన మంచాలు ఊగేవట. మామయ్య పోయాక అత్తయ్యను మా ఫ్లాటుకు తెచ్చుకున్నాం. నిశ్శబ్దంగా ఉండే ఫ్లాటు, సుఖంగా నిద్రపోతుందని మురిసిపోయాం. ఆవిడ రెప్ప వేస్తే ఒట్టు.

"పై ఇంట్లో మూడుసార్లు కుళాయి తిప్పారే. మూడోసారి సరిగ్గా కట్టలేదు," అనేది పొద్దున్నే, ఎర్రబడ్డ కళ్ళతో. డాక్టరు మాత్రలిచ్చాడు. "అవి వేసుకుంటే మర్నాడంతా ఈ తలకాయ నాది కాదేమో అనిపిస్తోంది," అని మానేసింది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. ఆవిడకు అన్ని సుఖాలూ అమర్చాం గానీ నిద్ర మాత్రం అమర్చలేకపోయాం.

ఒకరోజు ఇంట్లో గోడలకు రంగులు వేయిస్తుంటే ఆ వాసన పడక, ఆవిడను మాతో గోదాముకు తీసుకెళ్ళాం. సోఫాలో ఒక మూల కూర్చోబెట్టాను. ఆ సాయంత్రం వాయించేది 'లిఫ్టు పనిచేయదు' అనే బ్యాండు. పేరుకు తగ్గట్టే వాళ్ళ పాట ఎక్కడ మొదలైతే అక్కడే ఆగి దడదడలాడుతుంది. రెండో పాట సగంలో ఉండగా చూద్దును కదా, అత్తయ్య శాలువా కింద చేతులు కట్టుకుంది. కళ్ళు మూసుకుంది. తల మెల్లగా కిందికి వాలి, మళ్ళీ లేచి, మళ్ళీ వాలుతోంది.

గోదామంతా అటు తిరిగింది.

"ఎవరావిడ?" అంటూ గడ్డం నా దగ్గరకు వచ్చాడు. ఎవరు ఏ రోజు వాయించాలో మాలో తేల్చేది గడ్డమే. అసలు పేరు వాడికైనా గుర్తుందో లేదో.

"మా అత్తగారు."

"ఏం వాయిస్తారు?"

"ఏమీ వాయించరు."

"ఏమీ వాయించరా?" వాడి గొంతు పడిపోయింది. "ఊరికే వింటారా?"

పాటకూ పాటకూ మధ్య ఖాళీలో నాకు గురక వినిపించింది. సన్నగా, తీరుబడిగా. చెబుదామని నోరు తెరిచాను. ఈలోగా ఆ బ్యాండు గిటారు కుర్రాడు, వాడిని కీచురాయి అంటాం, వేదిక దిగి పరుగున వచ్చాడు. కళ్ళ నిండా నీళ్ళు. "పెద్దమ్మ కళ్ళు మూసుకున్నారక్కా! మా పాటకి మా అమ్మ కూడా ఎప్పుడూ మూసుకోలేదక్కా!" అన్నాడు. తెరిచిన నోరు మూసేశాను. ఏ నోటితో చెప్పమంటారు?

ఇంటికొస్తుంటే అత్తయ్య ముఖం కడిగిన ముత్యంలా ఉంది. "ఎంత హాయిగా ఉందే అక్కడ! సరిగ్గా మన మిషను మోతే. పైగా ఎంత మర్యాదస్తులో, పడుకున్నవాళ్ళని లేపరు. మళ్ళీ ఎప్పుడు?" అంది.

ఆ తర్వాత మా ఇల్లు సత్రమైపోయింది. ఏ బ్యాండు వాయించినా ముందు పెద్దమ్మను పిలవాల్సిందే. ఎవరో ఒకరు కారు తెచ్చేవాళ్ళు. అత్తయ్య శాలువా, చిన్న దిండు సంచిలో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళినట్టు వెళ్ళొచ్చేది. ఆవిడ కూర్చునే సోఫాకు ప్లాస్టిక్ కవరు తీయించారు. అది అమ్మకానికి కాదని కొట్టు యజమాని చీటీ కూడా అంటించాడు.

"ఆ నల్లకళ్ళజోడు అబ్బాయి బ్యాండుకు నేను రాను. మాటిమాటికీ ఆపుతారు," అంది ఒకరోజు. అంతే. పెద్దమ్మకు విరామాలు గిట్టవన్న మాట నగరమంతా పాకింది. అన్ని బ్యాండులూ పాటల మధ్య ఆపడం మానేశాయి. మొదలుపెడితే చివరిదాకా ఒకటే దంచుడు. వేణువు వాయించే బ్యాండొకటి ఉండేది, ఆవిడ వాళ్ళ దగ్గర ఆవులించి లేచి వచ్చేసిందని పాపం విడిపోయింది. కింద నిలబడేవాళ్ళు కూడా శాలువాలు కప్పుకోవడం మొదలుపెట్టారు. అందరూ కళ్ళు మూసుకుని ఊగడంలో ఇద్దరికి స్తంభం తగిలి నుదురు బొప్పి కట్టింది. ఆ బొప్పిని వాళ్ళు పతకంలా తడుముకుంటూ తిరిగారు.

ఇంత జరుగుతున్నా అత్తయ్య మా పాట వినలేదు. మా మరిది మణికట్టు విరిగి కట్టులో ఉండడంతో మేం వాయించడం ఆపేశాం. ఆ కట్టు విప్పిన వారమే గడ్డం కబురు తెచ్చాడు. విదేశం నుంచి ఒక పెద్ద బ్యాండు వస్తోంది. నగరంలోకెల్లా పెద్ద హాలు. వాళ్ళకు ముందు అరగంట వాయించడానికి స్థానిక బ్యాండు ఒకటి కావాలి.

"మూడు బ్యాండులు మిగిలాయి, ఒకటి మీది," అన్నాడు గడ్డం. "ఒకే సాయంత్రం ముగ్గురూ వాయించండి. పెద్దమ్మ ఎవరికి తల ఊపితే వాళ్ళే."

ఆ హాలు ముందు నుంచి బస్సులో వెళ్ళినప్పుడల్లా నేను తల తిప్పి చూస్తాను. పెళ్ళికి ముందు నుంచీ చూస్తున్నాను. వేలమంది, అందులో ఎవరికీ గిటారు వాయించడం రాదు. ఒక్కసారి అలాంటివాళ్ళ ముందు పాడాలి. నాకు ఈ జన్మకు కావలసింది అదొక్కటే. ఇప్పుడు చూస్తే దాని తాళంచెవి మా ఇంట్లో మంచం మీద కూర్చుని కుళాయి చప్పుళ్ళు లెక్కపెడుతోంది.

కోడలు అత్త నిద్రపోవాలని ఎదురుచూడడం కొత్తేమీ కాదు. అయినా నాలా ఎదురుచూసిన కోడలు ఇంకొకతె ఉండదు. ఆ రోజు దుకాణానికి సెలవు పెట్టాను. పొద్దున్నే బీరువాలో బట్టలన్నీ కిందపడేసి, "ఇవి కాస్త మడత పెడదామా అత్తయ్యా," అన్నాను. అవి అయ్యాక దుప్పట్లు. కడుపు నిండా భోజనం. ఆవిడ నడుం వాల్చబోతే, "అత్తయ్యా, పార్కులో నడిచొద్దాం," అంటూ లాక్కెళ్ళాను.

"అమ్మని ఇలా అలవగొట్టడం పాపం కాదూ?" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మ హాయిగా నిద్రపోవాలని కోరుకుంటే అది కూడా నా తప్పేనా?" అన్నాను.

బస్సులో ఆవిడ రెండుసార్లు ఆవులించింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదట ఎక్కినవాళ్ళు ఇంకా గిటార్లు శ్రుతి చేసుకుంటుండగానే ఆవిడ సోఫాలో ఒరిగింది. 'లిఫ్టు పనిచేయదు' వాళ్ళకైతే తల ఎంత గట్టిగా ఊపిందంటే శాలువా జారిపోయింది. వాళ్ళు దిగాక కూడా నిద్రలోనే ఉంది. బంగారు తల్లి, అలాగే ఉండమని మొక్కుకుంటూ నేను వేదిక ఎక్కాను.

పాట మొదలుపెట్టాను. పని నుంచి ఇంటికి పోతున్న ఒక పిల్ల పాట. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటుంది. తన స్టాపు వస్తుంది. లేవదు. బస్సు కదిలిపోతుంది. మొదటి చరణం ఇంకా పూర్తి కాలేదు, అత్తయ్య ఒక కన్ను తెరిచింది.

నేను గొంతు పెంచాను. రెండో కన్ను తెరిచింది.

వెనక్కి తిరిగి మా ఆయనకు ఇంకా గట్టిగా కొట్టమని సైగ చేశాను. పుల్ల విరిగేలా కొట్టాడు. నిజంగానే విరిగింది. అత్తయ్య నిటారుగా కూర్చుంది. దిండు పక్కన పెట్టింది. సోఫా అంచుకు జరిగి, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంది. గోదాము నిండా శాలువాలు కప్పుకుని కళ్ళు మూసుకుని ఊగే జనం. వాళ్ళ మధ్య తెరుచుకున్న కళ్ళు ఆ రెండే. అవి సూటిగా నన్నే చూస్తున్నాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారే, ఆ ఉలిపికట్టె సాక్షాత్తూ మా అత్తయ్యే. గడ్డం ఒక రెప్ప ఎత్తి ఆవిడను చూశాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. వాడు ఇంకొకణ్ణి. ఒకరి తర్వాత ఒకరు కళ్ళు తెరిచి నన్ను చూడసాగారు. పాట చివరికి వచ్చేసరికి నేను గోదాములో బట్టల్లేకుండా నిలబడ్డట్టే ఉంది.

అంతటితో ఆగినా బాగుండేది. పాట అయిపోగానే అత్తయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ చప్పుడు అంత నిశ్శబ్దంలో ఎలా మోగిందో చెప్పలేను. గడ్డం తల దించుకున్నాడు. మా మరిది బేసు వెనక దాక్కున్నాడు. పెద్ద హాలు 'లిఫ్టు పనిచేయదు' వాళ్ళకు వెళ్ళింది. కీచురాయి వచ్చి, "అందరూ అందరికీ నచ్చాలని లేదుగా అక్కా," అని నా భుజం తట్టాడు. వాణ్ణి గిటారుతో కొట్టకుండా ఉన్నందుకు నాకు ఎవరైనా సన్మానం చేయాలి.

మా ఆయనా మరిదీ సామాన్లతో వ్యానులో వెళ్ళారు. నేనూ అత్తయ్యా బస్సెక్కాం. కిటికీ పక్కన కూర్చుని నేను బయటికి చూస్తున్నాను.

"ఏంటే, మూతి ముడుచుకున్నావు?" అంది.

ఇక ఆగలేకపోయాను. "ఊళ్ళో అందరి పాటలకీ నిద్రపోయారు. ఆ కీచురాయిగాడి పాటకి గురక కూడా పెట్టారు. సొంత కోడలు పాడితే ఒక్క కునుకు తియ్యలేకపోయారా అత్తయ్యా?" ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చూస్తే చూడనీ. కళ్ళు మూయడం సంగతి, తల ఊపడం సంగతి, పెద్ద హాలు సంగతి అన్నీ వెళ్ళగక్కాను.

ఆవిడ శాలువా నోట్లో కుక్కుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూ, "అయితే ఆ కార్లూ దిండ్లూ అన్నీ నేను తూగినందుకా! నాకు నిద్ర పట్టడం లేదని జాలిపడి పిలుస్తున్నారనుకున్నానే," అంది.

"నవ్వండి, నవ్వండి."

"పొద్దుట్నుంచీ మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతలు పెట్టించావు. నాకు తెలీదనుకున్నావా? నీ తాపత్రయం ఏదో నీదని ఊరుకున్నా. నిజం చెప్తున్నా, నువ్వెక్కేసరికి కళ్ళు కూరుకుపోతున్నాయి. వాళ్ళందరిదీ మిషను మోత, అందులో మాటలెక్కడివి? నీది మాట తెలుస్తోంది. ఆ పిల్ల బస్సెక్కింది. ఇల్లు దాటిపోయింది. దిగలేదు. ఇంక నాకు నిద్రెలా పడుతుందే?"

ఆ పాటకు మా ఆయన ఇన్నేళ్ళుగా డ్రమ్ములు కొడుతున్నాడు. మొన్నీమధ్యే, "అందులో బస్సుందా?" అని ఆశ్చర్యపోయాడు.

"ఇంతకీ దిగిందా లేదా?" అంది అత్తయ్య.

"తెలీదు."

"రాసింది నువ్వేగా!"

"రాసినప్పుడు కూడా తెలీలేదు అత్తయ్యా."

ఆవిడ నావైపు కొంచెం జరిగింది. గొంతు తగ్గించింది. "ఎందుకు దిగలేదే? ఇంట్లో ఎవరైనా ఏమైనా అన్నారా ఆ పిల్లని?" ఒక్క క్షణం ఆగి, "నేను గానీ ఏమైనా అన్నానా?" అంది.

నాకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది. పెద్ద హాలు పోయినందుకు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. "మీరు రాకముందు రాసింది అత్తయ్యా, అది," అన్నాను ఆవిడ చెయ్యి పట్టుకుని.

"అమ్మయ్య!" అంది.

బస్సు ఆగింది. మా స్టాపు. "లేవండి, మన స్టాపొచ్చింది," అన్నాను.

"ఉండవే. ముందు ఆ పిల్ల సంగతి తేలనీ. మొదట్నుంచీ పాడు."

తలుపులు మూసుకుని బస్సు కదిలింది. మా ఇంటి వీధి వెనక్కి వెళ్ళిపోయింది. గిటారు లేదు, డ్రమ్ములు లేవు. ముందు సీటు ఆయన మళ్ళీ వెనక్కి తిరిగాడు. నేను గొంతు సవరించుకున్నాను. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తూ కూర్చుంది.