ఊపిరాడని ఇంజను

మేస్త్రీకి ఇప్పుడు ఇంజను అరుపూ పెళ్లాం అరుపూ ఒకటేనటగా అని పక్క వాటాలో ఉండే టైలరు భార్య, బట్టలారేస్తూ ఎవరితోనో అన్నదట. ఆ ఎవరో ఆ మాటను వేడి చల్లారకుండా తీసుకొచ్చి మేస్త్రీ భార్యకు అందించి పోయారు. మూడు రోజులుగా మేస్త్రీ రిపేరు షెడ్డులో పడున్న రొట్టెల వ్యాను సంగతి కూడా ఎత్తిందట. చెవిటివాడి ముందు శంఖం ఊదినా, ఆ మేస్త్రీ ముందు ఇంజను తిప్పినా ఒకటే కదా అన్నదట.

మేస్త్రీ భార్య కడుపులో మాట దాచుకునే మనిషి కాదు. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని వీధి చివరున్న షెడ్డుకు వెళ్లి అంతా మొగుడి కుడిచెవిలో పోసింది. ఎడమచెవి పూర్తిగా పోయి రెండేళ్లయింది. కుడిచెవిలో కేకేస్తే పది మాటల్లో ఆరు అందుతాయి. ఆవేళ పదీ అందాయి.

మేస్త్రీ ముద్ద మింగి, అన్నదాంట్లో తప్పేముందన్నాడు. టైలరు భార్య మాట కన్నా ఆ జవాబే ఆవిడకు ఎక్కువ కాలింది.

నిజానికి ఆ మాట షెడ్డులో అందరి మనసులోనూ ఉన్నదే. మేస్త్రీతో పాటు షెడ్డు చూసుకునే అల్లుడు మంచివాడు కాబట్టి పైకి అనడు. కానీ వ్యాను వచ్చిన రోజునుంచి మామను ఒక్క మాట అడిగింది లేదు. డీజిల్ ఫిల్టరు మార్చాడు, ఎయిర్ ఫిల్టరు మార్చాడు, నాజిళ్లు విప్పి కడిగించాడు. బండి పావుగంట బుద్ధిగా తిరిగేది. ఆ తర్వాత నల్లగా పొగ కక్కి ఆగిపోయేది. పది నిమిషాలు వదిలేస్తే, ఏమీ ఎరగని నంగనాచిలా మళ్లీ స్టార్టయ్యేది. ఇక ఇంజను మొత్తం విప్పాల్సిందేనని అల్లుడు ఆ పొద్దున్నే తేల్చేశాడు. పనిలో పనిగా మామవైపు తిరిగి, రేపటినుంచి మీరు ఇంటిపట్టున ఉండండి మామయ్యా అని చేతులతో అభినయించి మరీ చెప్పాడు.

మేస్త్రీ చెయ్యి కడుక్కుని వెళ్లి అల్లుడి ముందు నిలబడ్డాడు.

"ఈ బండి సాయంత్రందాకా నాకొదిలెయ్. తేల్చలేకపోయానా, నా పానాలూ రెంచీలూ అన్నీ నువ్వే తీసుకో. మళ్లీ ఈ గడప తొక్కను."

పదిహేనేళ్లుగా ఆ వ్యాను నడుపుతున్న ఆవిడను బజారంతా హారన్ అక్క అంటారు. హారన్ మీదనుంచి చెయ్యి తీస్తే బండి ఆగిపోతుందని ఆవిడ నమ్మకం కాబోలు. ఆవిడ ఎక్కి స్టార్ట్ చేసింది. పొగ మొదలవగానే మేస్త్రీ ఒక తెల్లగుడ్డ తీసుకుని పొగగొట్టం మూతి దగ్గర పట్టాడు. పొడి మసి పడింది, నూనె జిడ్డు లేదు. వేళ్లతో నలిపి వాసన చూశాడు. ఇంజను నూనె తాగడం లేదు. డీజిల్ అందుతూనే ఉంది. తిండి ఎక్కువై, ఊపిరి చాలక కక్కుతోంది.

ఎయిర్ ఫిల్టరు కొత్తదేనని అల్లుడు చెవి దగ్గరకొచ్చి అరిచాడు. మేస్త్రీ ఆ కొత్త ఫిల్టరునే ఊడదీసి పక్కన పెట్టి మళ్లీ తిప్పించాడు. అయినా ఆగింది. అంటే అడ్డం ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్యన ఉండాలి. ఆ మధ్యన ఉన్నదల్లా మూరెడు రబ్బరు గొట్టం. అల్లుడు అందులోకి టార్చి వేసి చూపించాడు. నున్నగా, ఖాళీగా ఉంది. నిన్న కూడా ఇలాగే ఉంది మామయ్యా అన్నాడు, విసుగు దాచుకుంటూ.

మేస్త్రీ బండిమీదికి వంగి రెండు చేతులూ లోపల పెట్టాడు. ఈసారి ఎక్సిలేటరు తొక్కిపట్టి ఉంచమని అక్కకు సైగ చేశాడు. ముందు డీజిల్ పైపు పట్టుకున్నాడు. నాడి సరిగ్గానే కొట్టుకుంటోంది. పంపు మీద అరచెయ్యి ఆనించాడు. అక్కడా తేడా లేదు. నడుము పీకుతోంది. మోచెయ్యి వేడి ఇనుముకు తగిలి చురుక్కుమంది. భార్య ఖాళీ క్యారేజీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఇంటికి పొమ్మన్నా పోలేదు. పది నిమిషాలు గడిచాయి. మేస్త్రీ చెయ్యి తీసి రబ్బరు గొట్టం మీద వేశాడు.

గొట్టం వేడెక్కి మెత్తబడింది. బొటనవేలి కింద దాని కడుపు కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది. ముసలివాడు చుట్ట గట్టిగా పీల్చినప్పుడు దవడలు అంటుకుపోతాయే, అలాగ. పూర్తిగా అంటుకుంది. పొగ గుప్పున లేచింది. ఇంజను వణికి ఆగింది. ఆగిన మరుక్షణం గొట్టం చేతిలోనే మళ్లీ ఉబ్బింది.

మేస్త్రీ అల్లుడి చెయ్యి పట్టి లాగి దానిమీద పెట్టించాడు. మరోసారి తిప్పితే అల్లుడికీ తెలిసింది. ఆగిన బండిలో ఎన్ని టార్చిలు వేసినా దొరకని జబ్బు అది.

గొట్టం విప్పబోతూ మేస్త్రీ ఒక్క క్షణం ఆగాడు. ఇంజనువైపు కొసను తీగతో, రెండు మెలికలు తిప్పి కట్టి ఉంది. ఆ కట్టును కాసేపు చూసి, కటింగ్ ప్లేయరుతో తెంపాడు. పాత సామాను డబ్బాలోంచి సరిపడే స్ప్రింగు వెతికి, మళ్లీ లోపలికి అంటుకుపోకుండా గొట్టంలోకి దూర్చి, తిరిగి బిగించాడు. బండి అరగంట తిరిగింది. హారన్ అక్క దాన్ని బ్రిడ్జి ఎత్తుమీదికి తీసుకెళ్లి, దారి పొడుగునా హారన్ కొట్టుకుంటూ వెనక్కొచ్చింది. పొగ లేదు. టైలరు భార్య కిటికీ తెరిచి చూసిందని మేస్త్రీ భార్య అందరికీ వినపడేలా చెప్పింది.

దిగొచ్చిన అక్క చేత్తో గొట్టాన్ని నొక్కి చూసింది. "ఇది నీళ్ల పంపు గొట్టం కదూ? బండికి ఇది తగిలించిన బుద్ధిమంతుడెవడు?" అని అల్లుణ్ణి అడిగింది.

అల్లుడు కింద పడున్న తీగముక్క వైపు చూశాడు. ఆ రెండు మెలికల కట్టు ఎవరిదో షెడ్డులో అందరికీ తెలుసు. "ఎవడో రోడ్డు పక్క మెకానిక్ అయ్యుంటాడులే అక్కా," అన్నాడు.

మేస్త్రీ వాళ్ల పెదాలనే చూస్తున్నాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"నేనే వేశా. అప్పుడు నాకు చెవులు బాగానే వినపడేవి."