ఆల్విన్ దారిలో నూనె

మిల్వాకీ దక్షిణపు వాడలో ఒక బార్, దాని కింద నేలమాళిగలో, బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే రెండు బౌలింగ్ లేన్లు. ఆ శుక్రవారం అక్కడ తేలాల్సింది ఒక్కటే: ఊరి పోటీల్లో జట్టు తరఫున ఆఖరున బంతి వేసేదెవరు? జట్టులో మేటివాళ్లకే దక్కే ఆ చోటు ఏళ్ల తరబడి బెర్నడీన్‌ది. డెబ్బై దాటాక ఆమె చెయ్యి నెమ్మదించిందని మరిది ఆల్విన్ అందరి చెవినా వేశాడు. ఇద్దరూ ఒకే లేన్ మీద ఒక ఆట ఆడండి, గెలిచినవాళ్లదే చోటు అన్నాడు జట్టు పెద్ద ఫ్లోరియన్.

ఆల్విన్ పైన బార్‌లో కూర్చుని వేయించిన చేప, బంగాళాదుంప అట్లు మారు వడ్డించుకున్నాడు. ఆ కాసేపూ బెర్నడీన్ కింద సాధన చేసుకుంది. తన పాత గట్టి బంతిని తన దారిలో కాక, ఆల్విన్ వేసే దారి వెంట మళ్లీ మళ్లీ దొర్లించింది. చెక్క అరగకుండా లేన్ ముందు భాగంలో పూసిన నూనె ఆ బంతికి అంటుకుని, కొంచెం కొంచెంగా చివరిదాకా పాకింది. ఆల్విన్ కొత్త బంతికి ఆ చివర పొడి చెక్క దొరకాలి. దొరికితేనే అది ఎడమకు మలుపు తిరిగి పిన్నుల గుండెల్లో దూరుతుంది. ఇందులో నియమం తప్పిందేమీ లేదు. మర్యాద సంగతి వేరు.

ఆట మొదలైంది. ఆల్విన్ బంతి మలుపు మరిచిపోయి తిన్నగా పోయింది. మూడు పిన్నులు నిలబడి అతన్నే చూశాయి. బంతి తుడిచాడు. బూట్లు విదిలించాడు. బంతి అమ్మినవాణ్ణి తిట్టాడు. నేల మీద తను నిలబడే చుక్క మాత్రం మార్చలేదు.

"ముప్పై ఏళ్లుగా నా కాలు ఈ చుక్క మీదే!"

"చుక్క ఎక్కడికీ పోలేదు మరిదీ. నూనే ముందుకు పోయింది."

అయినా మొండివాడు, మరీ వెనకపడలేదు. ఆఖరి వంతుకొచ్చేసరికి బెర్నడీన్ ఆట ముగిసింది. అతను మొదటి బంతికే పది పిన్నులూ పడగొడితే మరో రెండు బంతులు దక్కి, గెలుపు ఇంకా అందుతుంది. అతని చెవులు ఎర్రబడటం చూసి ఆమెకు జాలేసింది.

"నేల మీది చెక్కల్లో రెండు చెక్కల మేర కుడికి జరుగు," అంది.

"నువ్వా చెప్పేది? క్రిస్మస్ విందులో ఉప్పు డబ్బాలో చక్కెర పోసిందెవరు వదినా?"

"నేనే. అయినా కుడికే జరుగు."

ఆల్విన్ ఫ్లోరియన్ వైపు చూసి కన్ను గీటాడు. ఎడమకు జరిగాడు. బంతి నూనె మీద జారుకుంటూ వెళ్లి కుడి పక్క కాలువలో పడింది.

ఎవరూ నవ్వలేదు. రెండో బంతికి అతను తలొంచుకుని కుడికి జరిగాడు. పది పిన్నులూ ఒక్క దెబ్బకు కూలాయి. ఆ పదీ, దాంతో దక్కే ఒక్క అదనపు బంతీ కలిపినా ఇక చాలవు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది బెర్నడీనే.

"నేను నమ్మనని తెలిసే నిజం చెప్పావు కదూ?" అన్నాడు.

"నమ్మితే చోటు నీకు పోయేది. అదీ తెలిసే చెప్పాను."

ఆల్విన్ కాసేపు గొణిగి, ఆమె బరువైన బంతిని తనే ఎత్తి సంచీలో పెట్టాడు.

"పోటీ నాడు నా దారి జోలికి రాకు."

"నీదెందుకు? అవతలి జట్టు వాళ్లు చేపలు తింటారో లేదో కనుక్కో."