గాలి తగిలిన బురద

మా వదిన బురదలో చచ్చిపోయింది. చంపింది కాంట్రాక్టరే. కానీ చేతులు మావి.

మడ అడవిలో చెట్ల వేళ్ల కింద నల్ల బురద ఉంటుంది, కుళ్లిన గుడ్ల కంపు కొడుతూ. ఫ్యాక్టరీ మురుగులోని విషాన్ని తినేసే సూక్ష్మజీవులు అందులో బతుకుతాయి. కాంట్రాక్టరు ఆ బురదని మాచేత తీయించి ల్యాబుకి పంపుతాడు. గాలి తగిలితే ఆ జీవులు చస్తాయి. అందుకే డబ్బాను బురదలోనే నింపి, లోపలే మూత బిగించి, ఐసుపెట్టెలో సర్దుతాం. ముందు పెట్టె పడవెక్కుతుంది, తర్వాత మనుషులు. ఏళ్లుగా అదే అలవాటు.

ఆ రోజు సముద్రం పోటు తొందరగా వచ్చేసింది. వదిన నడుం దాకా కూరుకుపోయింది.

"చెయ్యివ్వు వదినా!" అంటున్నాను. పడవలోంచి కాంట్రాక్టరు అరిచాడు: "ముందు పెట్టె అందించండే!"

అందించాం. నలుగురం పట్టి మరీ పైకెత్తాం. పాడు అలవాటు! వెనక్కి తిరిగేసరికి నీళ్లమీద వదిన వేళ్లు మాత్రం కనిపించాయి. వాడు మూతలు తడిమి చూసుకుని, "హమ్మయ్య, ఒక్కటీ కారలేదు" అన్నాడు.

సాయంత్రం నీళ్లు తీశాక చూస్తే, వదిన చేతులు పైకెత్తి అలాగే నిలబడి ఉంది.

పొద్దున షెడ్డులో అందరం చేరాం. ఏడుపులు, తిట్లు.

"వాడితో పెట్టుకుంటే మన పొట్ట కొడతాడమ్మా" అన్నాడు పడవ నడిపే తాత.

"పొట్ట సంగతి సరే, ముందు మనిషుండాలి కదా తాతా!" అని కసిరింది మేమంతా గయ్యాళి అని పిలిచే ఆవిడ. "దిగే ప్రతి మనిషి నడుముకీ తాడు కట్టాలి. లేదంటే దిగేది లేదు."

కాంట్రాక్టరు వచ్చి విని, పగలబడి నవ్వాడు. "తాడా? ఊయల కూడా కట్టమంటారా? మీరు కాకపోతే ఇంకో నలభైమంది దొరుకుతారు. పోండి!"

ల్యాబు వ్యాను కోసం ఆగిన పెట్టె అక్కడే ఉంది. వదిన నింపిన డబ్బా బయటికి తీసి, మూత విప్పేశాను.

"ఓసి దరిద్రపుదానా! గాలి తగిలితే చచ్చిపోతాయే! ప్రాణమున్నవే అవి!"

"మరి మా వదినకి లేదా?"

గయ్యాళి ఇంకో మూత విప్పింది. తర్వాత తాత, తర్వాత అందరూ. షెడ్డంతా కంపు. ఆ కంపులో నాకు మొదటిసారి ఊపిరాడింది.

వాడు పోలీసులకీ, లారీకీ ఒకేసారి ఫోను చేశాడు. మమ్మల్ని ఒడ్డున జీపులోకి తోస్తుండగా కొత్తవాళ్లు లారీ దిగారు.

"నడుముకి తాడు కట్టందే దిగకండే! నిన్న మా వదిన..." అని అరిచాను. పోలీసు మోచేత్తో నోటిమీద కొట్టాడు. రెండు పళ్లు రాలాయి.

కొత్తవాళ్లలో ఒకామె నా రక్తం వైపు చూసింది, బురద వైపు చూసింది. కాంట్రాక్టరు ఆమె చేతికి డబ్బా ఇచ్చాడు. ఆమె దాన్ని కింద పెట్టేసింది.

"తాడేదయ్యా?" అంది.

ఆమె వెనక ఎవరూ బురదలోకి దిగలేదు.